పెద్దక్క చెప్పిన తప్పు

ఆ రోజుల్లో నాకు రెండే రెండు నమ్మకాలుండేవి. నేను నోరు తెరిస్తే జనం నవ్వుతారన్నది ఒకటి, మా బుర్రకథ దళం నడిపే పెద్దక్కకి మతిమరుపు మొదలైందన్నది రెండోది. రెండూ ఒకే సాయంత్రం గోదాట్లో కలిశాయి. పెద్దక్క తంబుర మీటుతూ కథ చెప్పేది. నేను పక్కన గుమ్మెట వాయిస్తూ మధ్యమధ్యలో జోకులేసే హాస్యపు వంతని. (ఎమ్మే చదివి ఇదేం పనిరా అని మా నాన్న అడిగేవాడు. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జోకు ఉండేది కాదు.)

ఆ ఏడు యానాం అవతల ఒక జాలర్ల పల్లెకి వెళ్ళాం. అంతకుముందే ఆ ఊరి పడవ ఒకటి వేటలో బోల్తాపడింది. నలుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు, ఒక కుర్రాడు రాలేదు. వాళ్ళమ్మ అప్పట్నుంచి గడప దాటలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. బతికొచ్చినవాళ్ళు ఆవిడ మొహం చూడలేక ఆ వీధికే రావడం మానేశారు. మెల్లగా ఊరూ మానేసింది. పెద్దక్క నన్ను వెంటేసుకుని పగలంతా ఇల్లిల్లూ తిరిగి ఆ కుర్రాడి గురించి అడిగి, “ఇవాళ కథ రామాలయం దగ్గర కాదు, ఆవిడ గుమ్మం ముందు” అంది. నా ప్రాణం ఉసూరుమంది.

“అక్కా, అక్కడ జోకులెలా వెయ్యమంటావు?”

“వెయ్యి. ఎవరూ నవ్వకపోతే చచ్చిపోవులే.”

చచ్చినంత పనైంది. నా పేరుమోసిన అత్తగారి జోకుకి ఒక మేక తుమ్మింది, అంతే. ఆవిడ తలుపు మూసే ఉంది. ఆ ముగ్గురూ దూరంగా వలల కుప్ప వెనక తలలు దించుకుని కూర్చున్నారు. అంతలో పెద్దక్క రాజుల కథ ఆపేసి, “ఈ పల్లెలో ఒక కుర్రాడుండేవాడు, నీళ్ళంటే మహా భయం” అని ఎత్తుకుంది. వాణ్ణి మించిన ఈతగాడు లేడని పగలంతా ఇంటింటా విన్నాం కదా! పాపం మర్చిపోయిందని, “భయం కాదక్కా...” అని అందించబోయాను. గజ్జెల కాలితో నా కుడిపాదం తొక్కింది చూడండి, చుక్కలు కనిపించాయి. “అమ్మో!” అని కేకపెట్టాను. (ఆ పూట జనం నవ్వింది దానికొక్కదానికే.)

“పీతని చూసినా పరిగెత్తేవాడంట!” అంది పెద్దక్క ఇంకా గొంతు పెంచి.

తలుపు భళ్ళున తెరుచుకుంది. “ఎవరండీ చెప్పింది మీకు? నా కొడుక్కి భయమా? మీసాలు రాకుండానే గోదారి ఈదాడండి ఆడు!” వలల వెనక నుంచి ఒకడు లేచాడు. “నిజమేనండి. ఆ రోజు నన్ను పడవ మీదకి తోసింది ఆడే. పిన్నీ, నీకు చెప్పడానికి మొహం చెల్లలేదే.” ఆవిడ గడప దిగి వాడి చొక్కా పట్టుకుంది. “ఏంట్రా? మళ్ళీ చెప్పు” అంది. వాడు మళ్ళీ చెప్పాడు. ఇక మా కథ సాగలేదు. పల్లె పల్లెంతా ఆవిడ అరుగు మీద చేరి, ఆ కుర్రాడి గురించి ఒకరి మాట ఒకరు దిద్దుకుంటూ ఏడ్చారు. నేనూ గుమ్మెట మీద తలపెట్టి ఏడ్చాను.

తిరుగు బస్సులోకి కుంటుతూ ఎక్కి, “తెలిసే తప్పు చెప్పావా అక్కా?” అన్నాను.

“ఉన్నదున్నట్టు చెబితే తలూపి పోతారురా. తప్పు చెబితే ఊరుకోలేరు” అంది, నా పాదానికి మందు రాస్తూ.

మొన్న పెద్దక్క పోయింది. రాజమండ్రిలో సంతాపసభ పెట్టారు. వచ్చినవాళ్ళు దూరందూరంగా కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు ఆవిడ మహానుభావురాలంటున్నారు. నాకు దుఃఖం కంటే ఒళ్ళుమంట ఎక్కువైంది. నా వంతు రాగానే మైకు పట్టుకుని, “మా అక్కకి చేపలంటే అసహ్యమండి” అన్నాను.

వెనక వరసలో ఒక ముసలావిడ కర్ర ఊతగా లేచింది. “ఎవరండీ చెప్పింది మీకు? మా ఇంట్లో పులుసు అడిగి మరీ మూడుసార్లు వేయించుకుంది!”

ఆ గొంతు నాకు తెలుసు. ఫోన్లు కిందికి దిగాయి. “నాలుగుసార్లు పిన్నీ” అన్నారెవరో. నేను మాత్రం, ఇంత వయసొచ్చి కూడా, కుడికాలు గబుక్కున వెనక్కి లాక్కున్నాను. తొక్కేవాళ్ళెవరూ లేరు.