అన్న కెమెరాలో మిగిలిపోయిన రీలు

మా అంగడి ముందు ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే టీ తాగి కదలమని చెప్పే రకం నేను. హిందూపురంలో కుట్టుమిషన్లు రిపేరు చేస్తాను. మిషన్ దానంతట అదే తిరిగిందని నిమ్మకాయ కట్టి మరీ తెచ్చినవాళ్ళున్నారు. విప్పి చూస్తే మోటారు స్విచ్చిలో లోపం. నిమ్మకాయ వాళ్ళకే ఇచ్చి, రసం చేసుకొని తాగమని పంపాను. ఇప్పటికీ నాది అదే బుద్ధి. ఈ ఒక్క సంగతి మాత్రం నా బుద్ధికి అందలేదు.

మా అన్న పెనుకొండలో ఉండేవాడు. బెంగళూరులో ఎవరి దగ్గరో కొన్న పాత రీలు కెమెరా అంటే ఆయనకు ప్రాణం. ఊరందరికీ ఫోటోలు తీసేవాడు, తాను మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండేవాడు కాదు. కూతురు సుమ పుట్టాక ముగ్గురూ కలిసి ఒకటి తీసుకోవాలని ముచ్చటపడ్డాడు.

ఇంటి ముందు రెండు కుర్చీలు వేసి, వాటికి ఎదురుగా గడప పక్కన స్టాండు మీద కెమెరా పెట్టాడు. నేను తీస్తానన్నాను. "నువ్వొద్దులేరా, అందరి తలకాయలూ కోసేస్తావు" అన్నాడు. ఆ కెమెరాకు ఒక మీట ఉంది. తిప్పి వదిలితే జుయ్‌మని కాసేపు తిరిగి, దానంతట అదే ఫోటో పడుతుంది. ఆలోగా తీసేవాడు వచ్చి కూర్చోవచ్చు.

వదిన బిడ్డను ఎత్తుకొని కూర్చుంది. అన్న మీట వదిలాడు. సరిగ్గా అప్పుడే బిడ్డ వదిన భుజం మీద పాలు కక్కింది. గుడ్డ తెద్దామని వదిన లేచి గడప వైపు ఉరికింది, కాలు స్టాండుకు తగిలింది. కెమెరా బండల మీద పడింది. అన్న ఇంకా కుర్చీ దాకా రానేలేదు. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది.

అన్న కోప్పడలేదు. బాగు చేయించి మళ్ళీ తీసుకుందామన్నాడు. ఆ మళ్ళీ రాలేదు. కొద్ది రోజులకే చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే మీద లారీ గుద్ది పోయాడు.

పెళ్ళి ఫోటోలున్నాయి. బిడ్డతో ఉన్నది ఒక్కటీ లేదు. "ఆ పొద్దు నేను లేయకుండా ఉండింటే పాపకు వాళ్ళ నాయనతో ఒక్క ఫోటో అన్నా ఉండేది" అని వదిన ఇన్నేళ్ళూ తనను తానే తిట్టుకుంటూ వచ్చింది. ఎంత చెప్పినా వినేది కాదు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

సుమ ఇప్పుడు ధర్మవరంలో నర్సు. ఈమధ్య ఆ కెమెరా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"చిన్నాయనా, దీంట్లో రీలు అట్లే ఉండాది. ఎట్లన్నా తీసియ్యి."

"తీసింది మీ నాయన కదమ్మా, దాంట్లో ఆయన యాడ ఉంటాడు?"

"లేకుంటే లేడు. నాయన ఏం చూసినాడో నేనూ చూడల్ల."

నేను స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

వెనక తలుపు సొట్టపడి బిగుసుకుంది. బలవంతంగా తెరిస్తే వెలుతురు తగిలి రీలు పాడైపోతుంది. రీలు వెనక్కి చుట్టే పిడి విరిగిపోయింది. షట్టరు బిగించినది బిగించినట్టే ఆగి ఉంది, అంటే ఆ రోజు ఫోటో పడనే లేదు. లోపలి కొక్కెం విరిగి మీట సగంలో ఇరుక్కుంది. ఈ కాలంలో దీనికి సామాన్లు ఎవరమ్ముతారు? కుట్టుమిషన్లో బాబిన్‌కు దారం చుట్టే ఇరుసు కోసి పిడి చేశాను. బాబిన్ కేసు మీది ఉక్కు పట్టీని ఆకురాయితో అరగదీసి కొక్కెం చేశాను. ఎన్ని పట్టీలు పాడుచేశానో చెబితే మా ఆవిడ ఊరుకోదు.

ఒక మధ్యాహ్నం కింది రేకు విప్పి కొత్త కొక్కెం పెట్టానో లేదో, మీట జుయ్‌మని తిరిగి టక్కున షట్టరు పడింది. లెన్సు ఎదురుగా గోడకు ఆనించిన మిషన్లున్నాయి. అయ్యో, అన్న కోసం ఉంచిన చోట నా అంగడి పడిందే అని నెత్తి కొట్టుకున్నాను. ఫోన్‌లో చెబితే సుమ పగలబడి నవ్వింది. "మంచిదే, ఫ్రేము కట్టిచ్చుకో చిన్నాయనా" అంది.

పిడి తిప్పి రీలంతా డబ్బాలోకి చుట్టాక తలుపు సరిచేసి బయటికి తీశాను. సుమ దాన్ని ధర్మవరంలో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయనకు ఇచ్చింది. ఆయన ఇంకా సరదాకు రీళ్ళు కడుగుతాడట. తర్వాత సుమ ఫోన్ చేసి, "అమ్మను పిల్చుకోని రా" అంది. ఎందుకని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది.

నేనూ వదినా వెళ్ళేసరికి పెద్దాయన ఫోటోలు బల్ల మీద పరిచి ఉంచాడు. నలుపు తెలుపు ఫోటోలు, పాత రీలు కాబట్టి అన్నీ మసక. కొండ కింది వీధి, ఎవరివో మేకలు, ఉయ్యాల్లో సుమ. చివరిది మాత్రం అంత మసకగా లేదు.

రెండు కుర్చీలు. ఒకదాంట్లో బిడ్డతో వదిన. రెండోదాంట్లో మా అన్న. చొక్కా కాలరు పక్కకు మడతపడి ఉంది. పరుగెత్తి వచ్చినవాడిలా నోరు తెరిచి నవ్వుతున్నాడు. చెయ్యి బిడ్డ తల మీద ఉంది.

ఫోటోను చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూశాను. అంతకు ముందే ఒకటి తీసుకొని ఉంటారేమో అనుకున్నాను. కానీ వదిన భుజం మీద బిడ్డ కక్కిన పాల మరక తెల్లగా కనబడుతోంది. ఆ పాలు కక్కాకే కదా ఆమె లేచింది, కెమెరా పడింది! పోనీ, నా అంగడి ఏమైంది? రీలంతా మొదటి నుంచి చివరి దాకా వెతికాను. ఒక్క కుట్టుమిషన్ లేదు.

వేరే రీలేమైనా కలిసిందా అని పెద్దాయనను గుచ్చి గుచ్చి అడిగాను. ఆయనకు కోపమొచ్చింది. "ఏమప్పా, నేను రీలు కడిగేవాణ్ణి. మనుషుల్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెడతానా?"

ఆ తర్వాత ఆ కెమెరాను ఎన్నిసార్లు విప్పానో లెక్కలేదు. అన్నీ నేను చేసిన ముక్కలే, ప్రతి స్క్రూ నాకు తెలుసు. నాకేమీ దొరకలేదు. ఎవరైనా సరైన కారణం చెబితే వింటాను, దయ్యం అనొద్దు.

వదినకు మాత్రం ఏ కారణమూ అక్కర్లేకపోయింది. సుమ పక్కన కూర్చొని ఫోటోను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి. నిజం చెప్పాలంటే భయం కంటే హాయే ఎక్కువగా అనిపించింది, ఇంట్లో ఎన్నేళ్ళుగానో ఉన్న జబ్బు నయమైనట్టు.

పెనుకొండ బస్సులో నేను కొక్కెం, మీట, షట్టరు అంటూ ఏదో లెక్క చెప్పబోతే వదిన నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఉండప్పా. నేను లేసిపోయినా ఆయన వచ్చి కూర్చున్యాడు సూడు."