ఎక్స్‌రే తాత

మేడ్చల్‌లోని ఆ ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఆ మనిషి గురించి ఇప్పుడు పత్రికకు రాస్తున్నాను.

ఆయన అక్కడ ఎక్స్‌రే తీసేవాడు. చల్లటి పలకను పిల్లల ఛాతీకి ఆనించే ముందు తన స్వెట్టరుకు రుద్ది వెచ్చబరిచేవాడు. ఫిల్ములో ఏముందని ఎవరడిగినా ఒకటే మాట: "డాక్టర్ సాబ్ చెప్తడు."

మా ఏడేళ్ల బిడ్డకు డాక్టరు రెండుసార్లు దగ్గుమందు మార్చాడు. మూడోసారి నేను పట్టుబడితేనే ఎక్స్‌రే రాసి, భోజనానికి వెళ్లిపోయాడు.

"తాతా, నా లోపల ఏముంది?" అని బిడ్డ అడిగింది.

"గుండె ఉంది బిడ్డా. మిగిలింది డాక్టర్ సాబ్ చెప్తడు."

తడి ఫిల్మును కిటికీ వెలుగులో చాలాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"గుండె మీద గింత నీడ ఉండొద్దు. సాబ్ వచ్చేదాక ఆగకు, జల్దీ పట్నం తీస్కపో. పండవెట్టకు, ఊపిరాడదు."

పట్నంలో రక్త క్యాన్సర్ అన్నారు. ఒక్కరోజు ఆలస్యమైనా దక్కేది కాదన్నారు. బిడ్డ ఇంకో రెండేళ్లు బతికింది. శామీర్‌పేట బడికి కూడా వెళ్లింది.

బిడ్డ బడికి పోతోందని ఆయనకు చెబుదామని వెళితే ఎక్స్‌రే గదిలో వేరే మనిషి ఉన్నాడు. డాక్టరు కన్నా ముందు నోరు విప్పాడని ఆయన్ను తీసేశారట.

ఆయన ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నా బిడ్డకు ఆ రెండేళ్లు ఎవరిచ్చేవారు? ఈసారైనా ఆసుపత్రి నుంచి ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబివ్వండి.