సున్నాను నమ్మని శేషం గారు

మా ఆఫీసులో పరీక్షల పని చూసే శేషం గారికి లోకమంతా అనుమానమే గానీ, అన్నిటికంటే పెద్ద అనుమానం సున్నా మీద. "ఏమీ మిగల్లేదు" అని ఎవరైనా అంటే చాలు, ఆయన కళ్ళు చిన్నవైపోతాయి. "ఏమీ అంటే?" అంటారు. అలా శేషాల వెంట పడీ పడీ శేషం గారైపోయారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లోనూ అంతేనట. వాళ్ళావిడ ఓసారి నా దగ్గర మొరపెట్టుకున్నారు. "కూర అయిపోయిందంటే గిన్నెను వెలుతురులోకి తీసుకెళ్ళి వంచి చూస్తారమ్మా! పెళ్ళిచూపులకు మా ఇంటికొచ్చినప్పుడు 'మీరెంతమంది అక్కచెల్లెళ్ళు?' అనడిగారు. ఇద్దరమన్నాను. 'ఇంకెవరూ మిగల్లేదు కదా?' అన్నారు. మా చెల్లెలు లోపలికి పరుగో పరుగు!"

మేం తయారుచేసేది పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఆస్పత్రుల్లో వాటిలో పడుకోబెడతారు. పెట్టెను నడిపించే ప్రోగ్రామ్ సి భాషలో రాస్తాం. గంటలో పదోవంతుకోసారి, అంటే ఆరు నిమిషాలకోసారి, అది బిడ్డ ఒంటి వేడి కొలవాలి. ఆ ముక్క రాసే పని, చేరి మూడు నెలలైనా కాని నా మీద పడింది.

నేను చిటికెలో తేల్చేశాను. మ్యాథ్ లైబ్రరీలో ఎఫ్‌మాడ్ అని ఒకటుంది. దశాంశాలున్న సంఖ్యల్ని కూడా భాగించి శేషం చెబుతుంది. గడిచిన గంటల్ని 0.1తో భాగించు, శేషం సున్నా అయితే వేడి కొలువు. అంతే! ఆరో నిమిషాన కొలిచింది. పన్నెండో నిమిషాన కొలిచింది.

"అయిపోయిందండీ," అన్నాను.

"అయిపోయిందని ఎవరన్నారు?" శేషం గారు కుర్చీ లాక్కుని, చేతిలో గడియారంతో పెట్టె ముందు కూర్చున్నారు. పద్దెనిమిదో నిమిషం వచ్చింది. వెళ్ళింది. పెట్టె కిక్కురుమనలేదు.

నేను గబగబా ప్రోగ్రామ్ తెరిచాను. "ఎఫ్‌మాడ్ తప్పు చెప్పిందాండీ?"

"పాపం, దాన్నేం అనకు. అది నిఖార్సయింది. దొంగ ఆ 0.1! కంప్యూటర్ లోపల అది సరిగ్గా పదోవంతు కాదమ్మా, వెంట్రుకవాసి ఎక్కువ. రెండుసార్లు పెద్దమనిషిలా నటించింది, మూడోసారి బయటపడింది. నిమిషాల్ని పూర్ణసంఖ్యల్లో లెక్కపెట్టు, ఆరుతో భాగించు. అప్పుడొచ్చే సున్నాని..." కాసేపు ఆలోచించారు. "సగం నమ్ముతాను."

నాకు నవ్వు రాలేదు. ఇంకో వారంలో ఆ పెట్టెలో ఎవరి బిడ్డో పడుకునేది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ."

ఆ మాట ఆయన దగ్గర అనకూడదని తట్టేలోపే కళ్ళు చిన్నవైపోయాయి. "ఏం లేదంటే? మూడు రోజులుగా అన్నం డబ్బా మూత తియ్యకుండానే తిన్నానంటున్నావు. ఫోన్ మోగితే మెట్ల మీదికి పరిగెడుతున్నావు. ఏదో ఉంది."

చెప్పక తప్పలేదు. అమ్మకు ఆపరేషన్ అయింది. వార్డులో పగలంతా ఒక్కతే ఉంటోంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, సెలవడిగితే ఏమంటారోనని నేను నోరెత్తలేదు.

ఆయన లేచి సరాసరి మేనేజర్ గదిలోకి వెళ్ళారు. ఇక నా పని అయినట్టే అనుకుని తలుపు దగ్గర చెవి పెట్టాను.

"ఆ కొత్తమ్మాయి తప్పేనా?" అంటున్నాడు మేనేజర్.

"పరీక్ష ఎంతసేపు చెయ్యాలో కాగితం మీద రాసివ్వాల్సింది నేను. రాయలేదు."

"మరి ఆ అమ్మాయి తప్పెంత?"

"సున్నా."

ఆ మాట ఆయన నోట వినడం మేనేజర్‌కు కూడా అదే మొదటిసారి. ఆయన అమ్మ సంగతి చెప్పి నాకు సెలవడిగితే, నాలుగు రోజులూ ఆ సున్నా మీదే మంజూరైపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో తలెత్తి చూస్తే ఎదురుగా శేషం గారూ, వాళ్ళావిడా! వచ్చీ రాగానే ఆయన నర్సును నిలదీశారు. "ఈ సెలైన్ ఎప్పుడు మొదలైంది? నిమిషానికెన్ని చుక్కలు?"

అమ్మ నా చెయ్యి లాగింది. "ఎవరే ఈయన?"

"మా ఆఫీసులో అందరికంటే అనుమానపు మనిషమ్మా."

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. అప్పటికే సీసా కింద స్టూలు వేసుకుని, రెప్ప వాల్చకుండా చుక్కలకు కాపలా కాస్తున్నారు.

"అయితే నువ్వు కాసేపు పడుకోవే," అంది.

పక్కనున్న ఖాళీ మంచం మీద వాలానో లేదో, ఒళ్ళు తెలియని నిద్ర. కళ్ళు తెరిచి గాభరాగా అడిగాను, "ఎంతసేపు పడుకున్నానండీ?"

శేషం గారు గడియారం చూసి, నన్ను అనుమానంగా చూశారు. "గంటా నలభై నిమిషాలు. సరిపోయినట్టు నాకు నమ్మకం లేదు. మళ్ళీ పడుకో."