మార్కర్ నా చేతిలో, డస్టర్ ఆమె చేతిలో

ముంబైలోని కామాఠిపురా మాది. మా చాల్‌లో, అంటే వరస గదుల పాత భవనంలో, డిగ్రీ చదివే తెలుగు పిల్లలకు ఆదివారాలు ఉచితంగా డేటాబేస్ నిర్వహణ నేర్పిస్తున్నాం, నేనూ, మా తోటికోడలు సుజాతా. ఇద్దరిదీ అదే ఉద్యోగం. క్లాసు మొదలుపెట్టింది నేను. కానీ మెట్ల మీద ఎదురైన ప్రతి ఒక్కరూ అడిగేది "సుజాతక్క క్లాసు ఎన్నింటికి?" అనే. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు బోర్డు నిండా రాసి డెడ్‌లాక్ గురించి చెబుతున్నాను. రెండు పనులు చెరొకటి పట్టుకుని, ఎదుటిదాని దగ్గరున్నది కావాలంటూ కదలకుండా ఆగిపోవడమే డెడ్‌లాక్. పిల్లలు ఆవలిస్తున్నారు. సుజాత లేచొచ్చి డస్టర్ అందుకుంది.

"అక్కా, మార్కర్ ఇయ్యి. నేను జర వేరే తీరుగ చెప్త."

"ముందు నువ్వు డస్టర్ ఇయ్యి. నాది ఇంకా కాలే."

"మార్కర్ ఇస్తేనే ఇస్త."

ఇద్దరం అలాగే నిలబడిపోయాం. ముందు వరసలోంచి కవిత అరిచింది. "అరే, సమజైంది! గిదే కదా డెడ్‌లాక్!"

అందరూ గొల్లున నవ్వారు. నా ముఖం మాడిపోయింది.

"మరి గిది ఎట్ల విడుస్తది?" అని ఇంకెవరో అడిగారు.

సుజాత నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "డేటాబేసే ఒకరిని ఎనక్కి పంపుతది. మామూలుగైతే తక్కువ పని చేసినోళ్లను."

క్లాసంతా ఒక్కసారిగా నావైపు చూసింది.

మార్కర్ ఇచ్చేసి కూర్చున్నాను.

ఇప్పుడు మా పిల్లలు ఇంటర్వ్యూల్లో డెడ్‌లాక్ అంటే ఈ కథే చెబుతున్నారట. సంతోషమే. కాకపోతే అందులో ఆమె సుజాతక్క, నేను 'ఇంకో మేడమ్'!