తాతకు రొట్టె వచ్చేదాకా

సాయంత్రమైతే కామారెడ్డిలో రోడ్డు పక్కన ఆడవాళ్ళు వరసగా కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తుంటారు. పెనం మీది రొట్టెకు తడిగుడ్డ అద్దగానే లేచే ఆవిరి వాసన నా ముక్కును తాకిందంటే, రెండు కొనాలని వెళ్ళి నాలుగు కొంటాను. డాక్టరమ్మ అడిగినప్పుడు మాత్రం రెండే అంటాను.

అమ్మానాన్నలకు కామారెడ్డిలో పని కావడంతో నేను ఎల్లారెడ్డి తోవలోని మా ఊళ్ళో నాయనమ్మ దగ్గర పెరిగాను. ఆమెను అవ్వ అనేదాన్ని. పక్కింటి బతుకమ్మ సద్దులూ మా క్రిస్మస్ గరిజెలూ గోడ మీదుగా చేతులు మారే ఆ ఇంట్లో, రోజూ పొద్దుగూకే వేళకు చాప పరిచి అవ్వ ప్రార్థన చేసేది. తాత మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. ఆదివారం ఆమెను చర్చి దాకా దింపి, బయట చెప్పులకు కావలి కూర్చునేవాడు. పాస్టరుగారు అడిగితే "నీళ్ళల్ల ముంచితే నాకు సర్ది అయితది" అని తప్పించుకునేవాడు.

ఒక ఎండాకాలం అవ్వ ఎల్లారెడ్డిలో జరిగే ప్రార్థన కూటాలకు వెళ్ళింది. ప్రభువు రాకడ దగ్గరపడిందనీ, ఆ రోజు నమ్మినవాళ్ళు పైకి పోతే నమ్మనివాళ్ళు ఇక్కడే మిగులుతారనీ అక్కడ చెప్పారట. అందరూ తమ పాపాలు తలచుకుని ఏడిస్తే, మా అవ్వ తాత ఆకలిని తలచుకుని ఏడ్చింది. మర్నాడే, కడవలో మంచినీళ్ళు కూడా ముంచుకోని ఆ మనిషిని పొయ్యి ముందు కూర్చోబెట్టింది.

"నేను పోతే నీకెవరు వండిపెడ్తరు? నేర్సుకో."

"యాడికి పోతవే?"

"ప్రభువు కాడికి."

"పో పో. గాడికి బస్సు లేదు."

పప్పు వచ్చింది, చారు వచ్చింది, రొట్టె మాత్రం రాలేదు. కొడుతుండగానే అంచులు పగిలి, పెనం మీదికి చేరేసరికి మూడు ముక్కలయ్యేది. అప్పటినుంచి అవ్వ ప్రార్థనలో ఒక మాట చేరింది: "ప్రభువా, జల్ది రా. గని ఈయనకు రొట్టె వచ్చేదాక ఆగు." అట్లా పైనున్న ఆయన రాక, ఈయనకు రొట్టె రాకపోవడం మీద ఆగిపోయింది.

అవ్వ రామారెడ్డి ఊళ్ళో చుట్టాలను చూడబోయిన ఒక మధ్యాహ్నం, ఆకలి అని నేను ఏడుస్తుంటే తాత పిండిలో మరిగే నీళ్ళు పోసి కలిపి, చేటంత రొట్టె కొట్టాడు. ఒక్క పగులు లేదు.

"మీ అవ్వకు చెప్పకు బిడ్డా. నాకు వచ్చిందని తెలిస్తే ఆమె పయనమైతది." ఆమె అటు తిరిగినప్పుడు, రొట్టె పగలాలని పిండిలో చన్నీళ్ళు కలుపుతాడట.

అబద్ధాలాడేవాళ్ళు కూడా కిందే మిగులుతారని సండే స్కూల్లో చెప్పారు. చెప్తే అవ్వ పోతుంది. చెప్పకపోతే నేను మిగులుతాను. మిగిలినా తాత చేతి రొట్టె ఉంటుందని నా కడుపు ధైర్యం చెప్పింది కానీ, మనసు వినలేదు. నాలుగు రోజులు ఉగ్గబట్టి, అయిదో రోజు అవ్వ చింతపండు గింజలు తీస్తుంటే చెప్పేశాను. పైకి లేచిపోతుందేమోనని కొంగు గట్టిగా పట్టుకున్నాను.

అవ్వ నవ్వింది. "నాకు తెల్వదా? మొన్న రామారెడ్డి నుంచి వాకిట్లకు రాంగనె రొట్టె కొట్టే చప్పుడు విన్న. రానోని చెయ్యి గట్ల పడ్తదా?"

"మరి ప్రార్థనల రాలేదని ఎందుకంటున్నవ్?"

"ప్రభువుకు మాత్రం తెల్వదా ఏంది?" అని, గొంతు తగ్గించి, "మీ తాతకు చెప్పకు. తెలిస్తే ఇంక పొయ్యికాడ నా పక్కన కూసోడు" అంది.

ఆ సాయంత్రం కూడా ప్రభువును ఆగమనే అడిగింది. ఆమెకంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

కొన్నేళ్ళకు అవ్వ మామూలు జ్వరంతోనే పోయింది. తాతను కామారెడ్డి తెచ్చుకున్నాం. అమ్మ పెట్టింది తిన్నాడే తప్ప, ఆయన మళ్ళీ పిండి ముట్టలేదు. ఇప్పుడు ఆయనా లేడు.

ఊళ్ళో చర్చికి స్లాబు పడింది, మైకులు వచ్చాయి. జల్ది రమ్మని అందరం చేతులెత్తి పిలుస్తాం. కాస్త ఆగమని బతిమాలే గొంతు మాత్రం వినబడదు. నేనైనా అడుగుదామంటే, మా ఆయన వంట నాకంటే బాగా చేస్తాడు.