పంతొమ్మిదో పోర్టు

ఆసుపత్రి కంప్యూటర్ల వైర్లు చూసుకునే ఆమెను అందరూ వైర్లక్క అంటారు. చెవి వెనక పెన్సిలు, పళ్ల మధ్య వైర్లు కట్టే కేబుల్ టై. వైర్లన్నీ వచ్చి చేరే స్విచ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పసిపిల్ల పళ్లు లెక్కపెట్టినట్టు వైర్లు దూర్చే పోర్టులన్నీ వేలితో తడిమితేగానీ పని మొదలుపెట్టదు. ఆ రోజు పొద్దుటినుంచీ ల్యాబు రిపోర్టులు డాక్టరు గదికి చేరడం లేదు. వరండాలో రోగులు బారులు తీరి ల్యాబు బాబాయి మీద విరుచుకుపడుతున్నారు. "నిన్న రాత్రి మిషను వైరు పంతొమ్మిదో పోర్టులోకి మార్చామమ్మా, పొద్దుటినుంచీ ఇలా" అన్నాడాయన బిక్కమొహంతో. వైర్లక్క కళ్లు మెరిశాయి; చిక్కుముడి దొరికితే ఆమెకు ఆకలి కూడా గుర్తుండదు. ఆ పోర్టులో వచ్చేపోయే సమాచారానికి నకలు తన ల్యాప్‌టాప్‌కు పంపమని స్విచ్‌కు చెప్పింది. స్విచ్ ఒప్పుకోలేదు. పంతొమ్మిదో పోర్టే ఇంకో పోర్టు నకళ్లు అందుకునే పనిలో ఉందట. అలాంటి పోర్టులో పెట్టిన మిషను ఎంత పంపినా బయటికి పోదు. ఈ ఏర్పాటు ఎవరిదా అని చూస్తే పోయిన నెల తేదీ, పక్కన తన పేరు; ఏదో తనిఖీకి పెట్టి తీసేయడం మరిచిపోయింది. కేబుల్ టై నోట్లోంచి జారిపడింది. గబగబా ఆ ఏర్పాటును తీసేసింది. డాక్టరు గదిలో ప్రింటరు గరగరమంది. వైర్లక్క వరండాలోకి పరుగెత్తింది, మొహం వెలిగిపోతూ.

"బాబాయ్, దొంగ దొరికింది."

"ఎవరమ్మా?"

"నేనే" అంది, బారు చివరనున్న రోగికి కూడా వినబడేలా.