గుట్ట మీది ఊట ఎటు పోయింది

ఒసాకా నుంచి ఉత్తరంగా పోయే రైలు ఏరు దాటాక కుడివైపు కనిపించే గుట్ట పేరు మొమొజాకా. ఇప్పుడక్కడ అన్నీ ఇళ్లే. తొమె కాపురానికి వచ్చిన రోజుల్లో మాత్రం గుట్టంతా పీచ్ తోటలు, గుట్ట కింద చిన్న పల్లె, ఆ పల్లెకు ఒకటే ఊట.

తొమె అనుమానపు మనిషి. చేపలవాడు ఎంత ప్రమాణం చేసినా మొప్పలు విప్పి చూడందే చేప కొనేది కాదు. భర్త పోయాక ఆ గుణం మరీ ముదిరింది. రైలు కంపెనీవాళ్లు తోటలు కొట్టించి, గుట్టను మెట్లు మెట్లుగా చదును చేసి, పట్నపు ఉద్యోగులకు ఇళ్లు కట్టిస్తుంటే పల్లెవాళ్లంతా కూరలకు గిరాకీ వస్తుందని సంబరపడ్డారు. సెంటు పొలం లేనిచోట కాపురం పెట్టేవాళ్లను ఎలా నమ్మడమని తొమె అందరినీ నిలదీసేది.

గుట్ట మీద మొట్టమొదట దిగింది యాయె అనే గుమాస్తా భార్య. ముల్లంగి దుంపలు అమ్మడానికి వెళ్లినా తొమె ఆ ఇంటి గడప తొక్కేది కాదు. యాయె టీ ఇస్తే, ఆమె ముందు గుక్క వేసేదాకా కప్పు ముట్టేది కాదు.

రెండో ఏడు నాట్ల వేళకు ఊట సన్నగిల్లింది. వానలకు లోటు లేదు. నీళ్లు మాత్రం లేవు. గుట్ట మీద ఇంటింటా రోజూ స్నానాలట, పూలమొక్కలట. ఇంకేం, దొంగ దొరికినట్టే అనుకుంది తొమె. ఓ మధ్యాహ్నం వెదురు పొద చాటున కాపు వేసింది. యాయె రెండు బకెట్లతో అటూ ఇటూ చూసుకుంటూ పల్లె కాలవలోకి దిగింది.

"ఏమమ్మా, మా ఊట ఎండబెట్టింది చాలక అడుగూబొడుగూ కూడా ఊడ్చుకుపోతున్నావా?"

యాయె ముఖం కందిపోయింది. బకెట్లు కింద పెట్టింది. "మా కొళాయిలో పొద్దున కాసేపు వస్తాయండీ, అంతే. నీళ్లన్నీ స్టేషను పక్క పట్నంవాళ్ల కోసం కంపెనీ కట్టిన కొత్త స్నానాల ఇంటికి పోతున్నాయి. మీకు తెలీదా? మీ బావగారే కదా ఇప్పించింది. మీ వాళ్ల దగ్గర నీళ్ల మాట ఎత్తొద్దని మా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లారు."

బావగారంటే గెన్‌సుకె, ఊరిపెద్ద, తొమె భర్తకు అన్న. తమ్ముడి పాడె మోసినవాడు. లోకంలో తొమె అనుమానించని మనిషి అతనొక్కడే. అబద్ధమైతే ఎదురుగానే తేలుతుందని తొమె యాయె చెయ్యి పట్టుకుని తిన్నగా అతని ఇంటికి తీసుకెళ్లింది.

గెన్‌సుకె వసారాలో చిక్కుళ్లు వలుస్తున్నాడు. కాదనలేదు.

"ఊరికి స్టేషను వచ్చిందా లేదా? ఊరికే ఇచ్చారనుకున్నావా?"

తొమె ఆ సాయంత్రమే పల్లెలో ఇంటింటికీ తిరిగి సంగతి చెప్పింది. మర్నాడు పల్లె ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో స్నానాల ఇంటి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. గుట్ట మీది ఆడవాళ్లూ వచ్చి పక్కన కూర్చున్నారు. పట్నం నుంచి స్నానాలకు వచ్చినవాళ్లు వెనుదిరగడంతో కంపెనీ దిగొచ్చింది. సగం నీళ్లు వెనక్కి మళ్లించింది. ఆలస్యమైనా నాట్లు పడ్డాయి. గెన్‌సుకె పెద్దరికం పోయింది. తొమె అతనితో మాటలు మానేసింది.

కొన్నేళ్లకు అతను మంచాన పడ్డాడు. చూసేవాళ్లెవరూ లేకపోతే తొమే గంజి కాచి తీసుకెళ్లింది. రెండు గరిటెలు తాగాక అతను నోరు విప్పాడు.

"నేనొక్కణ్ణే కాదు తొమె. కంపెనీవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు నీ ఇంటాయన కూడా నా పక్కనే కూర్చున్నాడు. నీళ్లు ఇవ్వడానికి సరేనన్నాడు."

నిజమా, పోతూ పోతూ తన పాపంలో తమ్ముడికీ వాటా వేస్తున్నాడా? ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏమీ తేలలేదు. మిగిలిన గంజి తాగించి, మూతి తుడిచి ఇంటికి వచ్చింది.

పోయిన భర్త పేరు రాసి పూజలో పెట్టుకున్న చెక్క పలక ముందు రోజూ పెట్టే అన్నం ఆ పూట పెట్టలేదు. మర్నాడు పెట్టింది.